చెవులు తేని కాపరి

గొర్రె చచ్చిపోతే కాపరి దాని చెవి కోసుకొచ్చి చూపించాలి. మా వైపు గొర్రెలను పాలుకు ఇచ్చే ప్రతి ఇంట్లోనూ ఇదే కట్టుబాటు. పాలు అంటే భాగం. డబ్బు పెట్టి గొర్రెను కొనేది ఒకరు, మేపేది ఇంకొకరు, పుట్టిన పిల్లల్లో ఇద్దరికీ చెరి సగం. గొర్రె పసిదిగా ఉన్నప్పుడే సొంతదారుకు గుర్తుగా దాని చెవికి ఒక గంటు పెడతారు. ఒకరి గంటు చెవి కొనకు ఉంటుంది, ఒకరిది అంచుకు, ఒకరిది రెండు చెవులకూ. మందలో ఎన్ని కలిసినా ఏది ఎవరిదో చెవి చెబుతుంది. చచ్చినప్పుడు కూడా అదే చెప్పాలి. చెవి లేకుండా వట్టి నోటితో వచ్చి "మీ గొర్రె పోయిందమ్మా" అనేవాడిని నమ్మకూడదు. అమ్ముకుని తినేసి తోడేలు ఎత్తుకుపోయిందని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

ఆదోనిలో నేను ఈ పని మొదలుపెట్టి ముప్పై ఏళ్లు దాటింది. అంతకుముందు మా అత్త చేసేది. ఆమెకు కాళ్లు పట్టేశాక నా చేతికి వచ్చింది. నేను చదివింది మూడో తరగతి. జిన్నింగు మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్లకు, మార్కెట్ యార్డులో రాలిన గింజలు ఊడ్చుకునే వాళ్లకు చేతిలో నాలుగు డబ్బులు మిగిలితే ఇంట్లో నిలవవు. మొగుడు తాగేస్తాడు, లేదంటే ఎవరో చుట్టం కన్నీళ్లు పెట్టుకుని పట్టుకుపోతాడు. బ్యాంకుకు పోయి ఆ కౌంటరు అద్దం ముందు నిలబడాలంటే వాళ్లకు సిగ్గు. అందుకని నా దగ్గరికి తెచ్చేవాళ్లు. నేను ఎమ్మిగనూరు సంతకు పోయి ఆడ గొర్రెపిల్లలను ఏరి కొంటాను, గంటు పెట్టిస్తాను, కాపరికి అప్పగిస్తాను, పంపకం రోజు మధ్యలో నిలబడతాను. సొంతదారు వాటాకు వచ్చిన పిల్లల్లో పదింట ఒకటి నాది. మా ఇంటాయన యార్డులో హమాలీ. ఆయనకు ఇదంతా ఎగతాళి. "మేనేజరమ్మా, ఈ పూట మీ గొర్లకు సంగటి పెట్టి మాకు గడ్డేస్తావా ఏంది" అనేవాడు.

ఈ పనికి ముందు కావలసింది అనుమానమని మా అత్త చెప్పేది. "బేరమాడకుండా సరే అనే కాపరికి ఇయ్యాకు మే. వాడు కడుపులో ఇంగోటేదో పెట్టుకోనుంటాడు" అనేది. ఆమె చెప్పింది ఒక్కటి కూడా నేను మరవలేదు. మిగిలినవి కాపరులే నేర్పారు. ఆలూరు మీద పడిన వాన ఆస్పరి మీద పడకపోవచ్చు, అందుకని ఉన్నవన్నీ ఒక్కడికే ఇవ్వను. పంపకం రోజు కాపరి ఇంట్లో భోజనం చేయను, తిన్నాక గట్టిగా అడగడానికి నోరు రాదు. చెవిని కూడా ఊరికే నమ్మను. బతికున్న గొర్రె చెవి కోస్తే అంచున రక్తం గడ్డకట్టి నల్లబడుతుంది. చచ్చినదాని చెవి అంచు పాలిపోయి ఉంటుంది. అందుకని వెలుతురుకు ఎత్తి చూస్తాను, వేలితో రాస్తాను, వాసన కూడా చూస్తాను. మా ఇంటాయన అన్నం ముందు నుంచి లేచి బయటికి పోయేవాడు.

కొన్నేళ్ల కిందట తొలకరి వానలకు గొర్రెలకు చిటుకు రోగం వచ్చింది. కొత్త గడ్డి ఆబగా తిన్న గొర్రె పొద్దుటికి కాళ్లు చాపేస్తుంది, మందు తెచ్చే వ్యవధి కూడా ఇవ్వదు. అప్పుడు మా గొర్రెలు కొన్ని కైరుప్పల వైపు ఒక ముసలి కాపరి దగ్గర ఉండేవి. ఒకరోజు ఆయన రుమాలు మూట పట్టుకుని మా గడప దగ్గర కూర్చున్నాడు. మూట విప్పితే చెవులు. ఉప్పు రాసి ఎండబెట్టినవి, కొన్ని ఇంకా పచ్చిగా ఉన్నవి.

"ఏంటప్పా ఇన్ని?" అన్నాను.

"ఇంగేం సెయ్యల్లక్కా. సిటుకు కొట్టింది. రేతిరి బాగుండె, తెల్లారికి సచ్చి పడుండె."

"కొత్త గడ్డి కాడికి ఏంటికి తోలినావు?"

"గడ్డి కాడికి గాక సినిమాకు తోలాల్నా?"

"సూది ఏపించినావా?"

"ఏపిద్దామనుకునే లోపల వాన పడె."

నేను ఒక్కో చెవి తీసి చూడడం మొదలుపెట్టాను. ఒకదాని అంచు నల్లగా ఉన్నట్టు అనిపించి రెండోసారి వెలుతురుకు ఎత్తాను. ఆయన తలపాగా తీసి పక్కన పెట్టాడు. "సూడు, బాగా సూడు. నాయి గూడా రెండుండాయి. కోసిచ్చి పోతా, వాటిని గూడా వాసన సూసి పెట్టుకో" అన్నాడు. ఆ చెవి అంచున ఉన్నది మట్టి. కడిగితే పోయింది.

ఆ మూటలో ఎక్కువ చెవులు ఒకే ఆమెవి. ఆమె జిన్నింగు మిల్లులో పత్తి దుమ్ము ఊడ్చే పని చేసేది. మొగుడు పోయి చాలా కాలమైంది. మిల్లు పని తగ్గే రోజులకు సుగ్గికి పోయేది. సుగ్గి అంటే పంట కోతలకు ఊరు విడిచి పోవడం. మా వైపు పల్లెలకు పల్లెలు తాళాలు వేసుకుని గుంటూరు వైపు మిరప కోతలకు పోతాయి. ఆమె కూడా ప్రతి ఏడూ లారీ ఎక్కి పోయి, ఆ చేలలోనే గుడిసె వేసుకుని, మిరపకాయల మంటకు చేతులు ఉబ్బి, మోకాళ్లు పట్టేసి తిరిగొచ్చేది. ఆమెకు ఉన్న కోరిక ఒకటే. సుగ్గి మానేయాలి. ఎమ్మిగనూరులో వాళ్ల అక్క ఉంది. అక్కడ బస్టాండు దగ్గర ఒక చిన్న గది తీసుకుని జొన్నరొట్టెల అంగడి పెట్టుకోవాలి. సుగ్గి కూలిలో మిగిల్చిందంతా తెచ్చి నా చేత గొర్రెలు కొనిపించింది అందుకే. ఆ గొర్రెలు పెరిగి గది అడ్వాన్సు కావాలి, పెనం కావాలి, జొన్నల మూట కావాలి.

చెవుల సంగతి నేనే పోయి ఆమెకు చెప్పాను. ఆమె విని "ఆ ముసలాయన సెయ్యి మంచిది కాదక్కా" అంది.

"సెయ్యేం సేస్తాది మే, రోగం వచ్చె."

"హాలహర్వి పక్క ఒగాయన ఉండాడంట. ఆయన మందలో ఒగటి గూడా సావలేదంట."

"ఒగటి గూడానా?"

"ఒగటి గూడా. ఇంతవరకు ఒగ సెవి తెచ్చింది లేదంట ఎవురింటికీ."

"అట్లయితే ఆయనకు ఇయ్యనే కూడదు."

"ఏంటికి?"

"ఊర్లో గొర్లన్నిటికీ రోగమొస్తే ఆయన గొర్లు ఆధార్ కార్డు సూపిచ్చి తప్పిచ్చుకున్యాయా?"

ఆమె నవ్వలేదు. "నీ పదింట పిల్ల పోతాదని అంటాండావక్కా నువ్వు" అంది.

అది పూర్తిగా అబద్ధమని నాకే గట్టిగా అనిపించలేదు. ఆ హాలహర్వి కాపరికి మధ్యలో మనిషి అక్కర్లేదు, నేరుగా సొంతదారులతోనే మాట్లాడేవాడు. ఆయన మీద నాకున్నది అనుమానమా, కడుపుమంటా అని నన్ను నేను చాలాసార్లు అడిగి చూసుకున్నాను. రెండూ ఒకే చోట పుడతాయి, బయటికొచ్చేటప్పుడు ఏది ఏదో తెలియదు. నేను కళ్లతో ఏమీ చూడలేదు కాబట్టి ఊరుకున్నాను. ఆమె మిగిలిన గొర్రెలను ముసలాయన దగ్గర నుంచి తోలించి, ఇంకొన్ని కొని మొత్తం పది చేసి హాలహర్వి వాడికి అప్పగించింది. గంటు మాత్రం పాతదే, కుడి చెవి కొనకు ఒకటి, దాని కింద చిన్నది ఇంకొకటి. ఆమె వెనకాల మిల్లులో ఇంకా చాలామంది పోయారు. నా దగ్గర మిగిలిన వాళ్లు నన్ను చూసి జాలిపడ్డారు.

ఆ మనిషిని నేను మిల్లు గేటు దగ్గర టీ అంగడిలో చూశాను. ఇస్త్రీ చొక్కా, మోటారు సైకిలు, చేతిలో పెద్ద ఫోను. మందతో తిరిగేవాడి చొక్కాకు గొర్రె వాసన ఉంటుంది, ఎంత ఉతికినా పోదు. వీడి దగ్గర సెంటు వాసన వచ్చింది.

"ఏమప్పా, నీ గొర్లు సావవంట గదా" అన్నాను.

"అంతా దేవుని దయక్కా."

"దేవునికి మా గొర్ల మీద ఏం కోపముండాదో."

ఆయన నవ్వి నాకు కూడా టీ చెప్పాడు. "నీ గిరాకీలు నా కాడికి వచ్చిరని మనసులో పెట్టుకోవద్దక్కా" అన్నాడు. మాట చాలా మెత్తన.

"నీ మంద ఒగసారి సూడల్లప్పా."

"రాండక్కా, మీ ఇల్లనుకోని రాండి. వచ్చే ముందర ఒగ ఫోను సేస్తే సాలు."

టీ తాగాను గానీ ఆ చివరి మాట నాకు గొంతు దిగలేదు. కాపరి ఇంట్లో ఉండకపోవచ్చు, మంద ఎక్కడో మేస్తుండొచ్చు, ఫోను చేయమనడంలో తప్పేముంది? అదీ నిజమే. అయినా ముప్పై ఏళ్లలో ఏ కాపరీ నన్ను చెప్పి రమ్మనలేదు. వాళ్లకు నేను వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే. ఎప్పుడు పోయినా గొర్రెలు గొర్రెల్లాగే ఉంటాయి, ఒకటి కుంటుతూ, ఒకటి తుమ్ముతూ.

ఆయన మాత్రం చెప్పిన రోజుకు చెప్పినన్ని పిల్లలు తెచ్చి ఇచ్చాడు. పంపకంలో పేచీ లేదు. తన వాటాలోంచి ఒక పిల్ల ఎక్కువ ఇచ్చిన ఇళ్లు కూడా ఉన్నాయి. రెండో ఏడూ అంతే. ఒక్క చెవి రాలేదు. గొర్రెలు ఎలా ఉన్నాయో ఫోనులో వీడియోలు పంపేవాడు. మిల్లులో మధ్యాహ్నం సద్దులు విప్పుకుని ఆడవాళ్లంతా ఒకే ఫోను చుట్టూ చేరి గొర్రెలను చూసుకుని మురిసేవాళ్లు. ఎవరి పిల్లల్ని ఎవరూ అంత మురిపెంగా చూసుకోవడం నేను చూడలేదు.

మూడో ఏడు ఆమె సుగ్గికి పోలేదు, వాటాకు వచ్చిన పిల్లలను అమ్ముకుంటూ ఇల్లు గడుపుకుంది. లారీలు వచ్చి మనుషులను ఎక్కించుకుపోయినా ఆమె కదలలేదు. ఎమ్మిగనూరు బస్టాండు దగ్గర గది దొరికింది, ఉగాది లోపల అడ్వాన్సు ఇస్తే ఇస్తానని గది యజమాని మాటిచ్చాడు. గొర్రెలు అమ్మిపెట్టమని ఆమె హాలహర్వి వాడికి ఫోను చేసింది. ధర బాగాలేదు, కొన్ని రోజులు ఆగమన్నాడు. మళ్లీ చేస్తే బంధువుల పెళ్లిలో ఉన్నానన్నాడు. శివరాత్రి దాటిపోయింది. అప్పుడు మా ఇంటికొచ్చింది. నా దగ్గర నుంచి గొర్రెలు తోలించుకున్నాక మా గడప తొక్కడం అదే మొదలు. లోపలికి రాకుండా నిలబడే ఫోను చూపించింది.

"నిన్న తీసి పంపినాడక్కా. బాగుండాయి గదా?"

చూశాను. గొర్రెలు నిజంగానే బాగున్నాయి. వాటి వెనకాల సజ్జ చేను పచ్చగా ఊగుతోంది.

"ఇది నిన్నటిదా?"

"నిన్ననే అన్యాడు."

"శివరాత్రి పోయినాక పచ్చ సజ్జ యాడుండాది మే మన సీమలో?"

ఆమె ఫోను దగ్గరికి పెట్టుకుని చూసింది. "కాలవ కిందేమో" అంది.

"కాలవ కింద ఎవురన్నా వరి ఏస్తారు గానీ సజ్జ ఏస్తారా?"

"ఏసుకునే వాళ్లు ఏసుకుంటారు. నీకు అన్నిట్లోనూ అనుమానమే" అంది. కాసేపటికి మళ్లీ తనే "రేపు నాతో వస్తావా?" అని అడిగింది. వస్తాను గానీ వాడికి ఫోను చేయొద్దన్నాను. అప్పటికే చేసేశానంది. చెప్పకుండా పోతే ఆయన ఏమనుకుంటాడోనని.

మర్నాడు ఆదోనిలో షేరింగ్ ఆటో ఎక్కి ఆలూరు పోయి, అక్కడ ఇంకో ఆటో మారి హాలహర్వి చేరుకున్నాం. దారిలో ఆమె "నువ్వు ఆడ ఎక్కువ మాట్లాడాకక్కా, ఆయన మంచోడు" అంది. సరేనన్నాను.

ఆయన రోడ్డు మీదికే ఎదురొచ్చి మమ్మల్ని కోత అయిపోయిన ఒక చేలోకి తీసుకుపోయాడు. నల్ల గొర్రెల మంద, మంచి మంద. కొంచెం దూరంలో ఒక పెద్దాయన కంబళి మీద కూర్చుని ఉన్నాడు. ఎవరని అడిగితే మా మామ, తోడుకు ఉన్నాడన్నాడు. హాలహర్వి కాపరి మందలో అడుగు పెట్టగానే కాపలా కుక్క లేచి మొరిగింది. నన్నో, ఆమెనో చూసి మొరిగి ఉంటే నాకు ఏమీ అనిపించేది కాదు. అది మొరిగింది ఆయన మీద. ఇష్, ఇష్ అని అదిలించినా ఆగలేదు. కంబళి మీది పెద్దాయన ఒక్క దగ్గు దగ్గితే పడుకుంది. గొర్రెలు కూడా ఆ దగ్గుకే తలలెత్తాయి.

ఆమె ఇవేవీ చూడలేదు. తన గొర్రెల కోసం వెతుక్కుంటోంది. ఆయన ఒక్కోదాన్నీ పట్టి తెచ్చి చూపిస్తున్నాడు. కుడి చెవి కొనకు గంటు, కింద చిన్న గంటు. సరిగ్గా ఆమె గుర్తే. ఆమె ముఖం తేటపడింది. "సూస్తివా అక్కా" అంది నా వైపు తిరిగి. ఆ చెవులన్నిటికీ పసుపు రాసి ఉంది.

నేను ఒక గొర్రె దగ్గర గొంతుక్కూర్చుని నోరు తెరిచి చూశాను. ఆమె గొర్రెలు పిల్లలుగా కొన్నవి, ఇప్పటికి నిండు పళ్లతో ఉండాలి. దీనికి పళ్లు అరిగి కదులుతున్నాయి. ఎడమ చెవి వెనక్కి తిప్పితే అక్కడ ఇంకో గంటు ఉంది, పాతది, మానిపోయి వెంట్రుక మొలిచినది. అది ఎవరి గుర్తో నాకు తెలియదు గానీ ఆమెది మాత్రం కాదు. నేను ఒక్క మాట కూడా అనలేదు. ఎక్కువ మాట్లాడొద్దంది కదా. ఆమెను పిలిచి కుడి చెవి చేతికిచ్చి, "నువ్వే పట్టుకోని సూడు" అన్నాను.

ఆమె పసుపు తుడిచింది. కింద పచ్చి పుండు. వేలికి పసుపూ రసీ కలిసి అంటుకుంది. ఇంకో గొర్రెను పట్టుకుంది, ఇంకోదాన్ని పట్టుకుంది. మూడోదాని దగ్గర ఆగిపోయింది.

"ఏందన్నా ఇది?"

"ఈగలమ్మా. ఎండకాలం గదా, కరిసినాయి."

"ఈగలు కత్తులు పట్టుకోని వచ్చినాయా?" అన్నాను నేను.

ఆయన నన్ను పక్కకు పిలిచాడు. ఆమెకు వినబడేటంత దూరమే. గొంతు ఇంకా మెత్తగానే ఉంది. "అక్కా, నీకు తెలిసిపోయినాదిలే. ఆమె పదీ ఇప్పుడే తోలుకపోండి. ఆ కంబళి మీదాయనకు నేను సెప్పుకుంటా. మిల్లు కాడ మాత్రం నోరెత్తాకండి. దసరా లోపల అందరివీ సర్దుతా."

ఆమె నా వైపు చూసింది. "తోలుకపోదామా అక్కా?" అని అడిగింది. మామూలుగా అడగలేదు, బతిమాలినట్టు అడిగింది. ఉగాది ఎంతో దూరం లేదు. ఆ పది గొర్రెలూ సంతకు తోలితే ఆ సాయంత్రానికే గది ఆమెది. నాకు కూడా మనసు పీకింది, కాదనను. కానీ ఇంత తొందరగా ఇచ్చేవాడిని ఎప్పుడైనా నమ్మవచ్చా?

"ఇవి ఎవురివో ఎడమ సెవి మీదుండాది మే. సంతలో వాడొచ్చి గొర్రెను పట్టుకుంటే ఏం సెప్తావు? దొంగతనం నీ మీదికొస్తాది. ఈయప్ప ఇస్త్రీ సొక్కా ఏసుకోని నేను సూడనేలేదంటాడు."

ఆమె ఆ చేలోనే కింద కూర్చుంది. "నా గొర్లు సచ్చినాయా?" అని ఆయన్ని అడిగింది.

"సావలేదు. అమ్మితి."

"ఏంటికి?"

"నీకంటే ముందరోళ్లవి సచ్చినాయి. ఆ సిటుకుకే. వాళ్లకు ఏటేటా పిల్లలియ్యల్ల గదా."

"సచ్చినాయని వాళ్లకు సెప్పలేకపోయినావా? సెవులు తీసుకపోయి ఇయ్యలేకపోయినావా?"

ఆయన అప్పుడు మొదటిసారి గొంతు పెంచాడు. "కైరుప్పల ముసలాయన తీసుకొచ్చె గదా సెవులు. ఏం సేస్తిరి? సెయ్యి మంచిది కాదని గొర్లు తోలుకపోతిరి. నేను తెచ్చింటే నువ్వు నా కాడికి వచ్చిందువా?"

ఆయన చెప్పింది నిజమో, దొరికిపోయాక అల్లుకున్నదో నాకు ఈ రోజుకూ తెలియదు. గొర్రెలు చచ్చిన భయంతో మొదలుపెట్టినవాడికి మోటారు సైకిలు ఎందుకని ఒకసారి అనిపిస్తుంది. చెవుల మూట విప్పినప్పుడు మేం ముసలాయన్ని చూసిన చూపు గుర్తొస్తే ఇంకోలా అనిపిస్తుంది. అప్పటి నుంచి నేను ఒక్కటి మార్చుకున్నాను. చెవి తెచ్చిన కాపరికి ముందు మజ్జిగ ఇస్తాను, ఆ తర్వాతే చెవి వెలుతురుకు ఎత్తుతాను. చూడడం మాత్రం మానలేదు.

ఆ సాయంత్రమే మిల్లు గేటు దగ్గర నిలబడి అందరికీ చెప్పాను. ఆమె నా పక్కనే ఉంది. నమ్మిన వాళ్లు తక్కువ. ఒకామె ఫోను తీసి ఆ పొద్దుటి వీడియో చూపించి "ఇవేంది మల్ల" అంది. ఇంకొకామె "నువ్వు నోరు మూసుకోనుంటే దసరాకు మాకు పిల్లలొచ్చుండు గదా, వచ్చేదాన్ని సెడగొడితివి" అని తిట్టింది. "మీ ఇద్దరూ మీ గొర్లు ముందే తోలుకోనుంటారులే, మేం పిచ్చోళ్లం" అన్నవాళ్లూ ఉన్నారు. నేను బతుకంతా మందిని ఇలాగే అనుమానించాను కాబట్టి నాకు అది కొత్త కాదు. ఆమెకు కొత్త. గేటు పట్టుకుని ఏడ్చింది. "నా గొర్లుంటే ఈ పొద్దు ఈడ నిలబడతానా" అంది. ఆ ఏడుపు చూసి కొందరికి నమ్మకం కుదిరింది.

తర్వాత అందరూ కలిసి హాలహర్వి పోయారు. అక్కడి పెద్దమనుషులను కూర్చోబెట్టారు. మోటారు సైకిలు అమ్మిద్దామంటే అది ఇంకా ఫైనాన్సు వాళ్లదే. నిజంగా ఆయన సొంతమని తేలిన గొర్రెలు కొన్నే. ఎవరు ఎన్ని పెట్టారో దానికి తగ్గట్టు పంచారు. ఆయన భార్య పుట్టింటి నుంచి తెచ్చుకున్న రెండు గొర్రెలు పక్కన నిలబడి ఉంటే, వాటిని కూడా కలపమని కొందరు పట్టుబట్టారు. నేను వాటి చెవులు చూశాను. మాలో ఎవరి గుర్తూ కాని పాత గంట్లు, ఆ భార్య పుట్టింటివే. వాటిని వదిలేయించాను, దానికీ తిట్లు తిన్నాను. ఆ మంద అసలు సొంతదారు, కంబళి పెద్దాయన, తన గొర్రెల చెవులు కోసినందుకు అదే చోట ఇంకో పంచాయితీ పెట్టాడు. మందను ఒక పూట చూపించుకుంటానని అడిగితే ఇచ్చాడట, కోస్తాడని తెలియదట. దాన్ని కూడా నేను సగమే నమ్మాను.

రొట్టెల అంగడి అనుకున్న ఆమెకు నాలుగు గొర్రెలు వచ్చాయి. వాటి చెవులు, పళ్లు ఆమే చూసుకుంది, నన్ను దగ్గరికి రానివ్వలేదు. ఎమ్మిగనూరు సంతలో బేరం కూడా తనే ఆడింది. గది అడ్వాన్సుకు ఆ డబ్బు చాలలేదు. ఉగాది అయ్యాక ఆ గదిలో ఫోను కవర్లు అమ్మే అంగడి పెట్టారు. మిరప కోతలు ఇంకా ముగియలేదు, ఇప్పుడు పోయినా కొంత కూలి దొరుకుతుందని సుగ్గి మేస్త్రీ కబురు పంపాడు. ఆమె పోతుందనే అనుకున్నాను. పోలేదు. ఆ డబ్బుతో పెనం, పొయ్యి, ఒక మూట జొన్నలు కొనుక్కుని, వాళ్లక్క ఇంటి అరుగు మూలన రొట్టెలు కాల్చి అమ్మడానికి కూర్చుంది.

దసరా ముందు సంతకు పోయినప్పుడు ఆ వీధిలోకి తిరిగాను. రొట్టె తట్టే చప్పుడు మలుపు దగ్గరే వినబడింది. బండి తోలేవాళ్లు ఇద్దరు ముగ్గురు నిలబడి తింటున్నారు. ఆమె నన్ను చూసి తల ఊపింది, చేయి ఆపలేదు. వాళ్లు పోయాక ఒక రొట్టె, శెనక్కాయల పొడి, ఉల్లిగడ్డ నా ముందు పెట్టింది.

"వచ్చే ఏడు గూడా సుగ్గికి పోవా?" అన్నాను.

"ఈడనే ఉంటా. సాలకుంటే సూద్దాం" అంది. పెనం మీది రొట్టె తిప్పి, "నాలుగు రూకలు మిగులుతాండాయి. మల్ల రెండు పిల్లలు కొందామనుకుంటాండా" అంది.

"కొనిపెట్టమంటావా?"

ఆమె నన్ను తేరిపార చూసింది. "నీ గొర్లు యాడుండాయక్కా?"

"నావా?"

"పదింట ఒగటని తీసుకుంటావు గదా ఇన్నేండ్లు. అవి ఎవురి కాడ పెట్టినావు?"

ముప్పై ఏళ్లలో ఆ మాట నన్ను అడిగిన మనిషి లేదు. కైరుప్పల ముసలాయన దగ్గరే ఉన్నాయని చెప్పాను.

"పోయినేడు ఎన్ని సచ్చినాయి?"

చెప్పాను.

"నాకు సూపిచ్చు. అవి సూసినాక నాయి ఆయనకు ఇయ్యల్లో వద్దో నేను సెప్తా. ఆ పొద్దుకు నీ మాటలేం వద్దు."

"అట్లే మే. ఎప్పుడంటే అప్పుడు రా."

"అప్పుడు గూడా నేను నీ పదింట పిల్ల బేరమాడతా" అంది. ఇంకో రొట్టె తీసి నా పళ్లెంలో వేసింది. నేను లేచేటప్పుడు రెండు రొట్టెలకూ డబ్బు తీసుకుంది.